నిరోధక ‘శక్తి’ అనే మాటలోని చిక్కు: తిరగబెట్టే యోని శిలీంధ్ర వ్యాధి, రోగనిరోధక ప్రోటీన్లు

వ్యాస సంగ్రహం: కాండిడా అనే శిలీంధ్రం వల్ల యోనిలో కలిగే దురద, మంట, తెల్లబట్ట కొందరు స్త్రీలకు ఏటా మూడు నాలుగుసార్లు తిరగబెడుతుంది. ‘ఒంట్లో రోగనిరోధక శక్తి తక్కువ’ అన్నది దీనికి సాధారణంగా వినిపించే వివరణ. గత ఇరవై ఏళ్ల పరిశోధన ఈ వివరణను చాలావరకు తలకిందులు చేసింది. శిలీంధ్రాన్ని గుర్తించి స్పందించే ప్రోటీన్ల పనితీరులోని తేడాలు ఇందులో కీలకమని, చాలామందిలో ఆ స్పందన తగ్గడం కాక మితిమీరడమే బాధకు కారణమని అది చూపింది. ఈ విషయాన్ని వివరిస్తూ, ‘తెల్లబట్ట’, ‘నిరోధక శక్తి’ అనే రెండు తెలుగు మాటలు రోగి నిర్ణయాలను ఎటు నడిపిస్తున్నాయో మంజీర పరీవాహక ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ముఖ్యపదాలు: తెల్లబట్ట, కాండిడా, రోగనిరోధక ప్రోటీన్లు, డెక్టిన్-1, న్యూట్రోఫిల్, వైద్య పరిభాష, నిజామాబాదు.

1. తెల్లబట్ట

నిజామాబాదు, బోధన్ ప్రాంతాల్లో స్త్రీలు ఈ బాధను ఎవరికైనా చెప్పుకోవలసి వచ్చినప్పుడు ‘తెల్లబట్ట అయితున్నది’ అంటారు. ఈ మాటలో వ్యాధి పేరు లేదు, శరీరభాగం పేరు లేదు. బట్ట మీద కనిపించిన మరక మాత్రమే ఉంది. అధిక రక్తస్రావాన్ని సూచించే ‘ఎర్రబట్ట’ దీనికి జంటపదం. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఇది లక్షణ: స్రావానికి బదులు స్రావం అంటిన వస్తువును చెప్పడం. సభామర్యాద కోసం ఏర్పడిన చక్కని పదం. వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఈ చక్కదనమే అడ్డు వస్తుంది.

ఎందుకంటే ఈ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు స్థితులు దాగి ఉన్నాయి. ఋతుచక్రం మధ్యలో వచ్చే సహజమైన స్రావం మొదటిది. అది వ్యాధే కాదు. యోనిలో మేలు చేసే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా తగ్గి ఇతర బాక్టీరియా పెరగడం రెండవది. ఇందులో చేపవాసన వస్తుంది. ట్రైకోమోనాస్ అనే ఏకకణ పరాన్నజీవి వల్ల వచ్చేది మూడవది. ఇది లైంగిక సంపర్కం ద్వారా సోకుతుంది కాబట్టి భర్తకూ చికిత్స కావాలి. నాలుగవది శిలీంధ్రం వల్ల వచ్చేది. విరిగిన పాలలాంటి స్రావం, విపరీతమైన దురద, మంట దీని గుర్తులు. నాలుగింటికీ చికిత్స వేరు. మొదటిదానికి చికిత్సే అక్కరలేదు.

చరకసంహిత చికిత్సాస్థానం ముప్పయ్యవ అధ్యాయం యోనివ్యాపత్తులను ఇరవైగా విభజించింది. శ్లేష్మజమైన దానికి దురద, జిగట స్రావం లక్షణాలుగా చెప్పింది. ఆ విభజన నేటి వర్గీకరణకు సరిపోతుందని వాదించడం ఇక్కడ ఉద్దేశం కాదు. విడివిడిగా పేర్లు పెట్టాలన్న పట్టుదల ఆ గ్రంథానికి ఉండేదని, మన వాడుక దానిని పోగొట్టుకుందని మాత్రం గమనించాలి. ‘శ్వేతప్రదరం’ అన్న సంస్కృత పదం కూడా మన వార్తాపత్రికల ఆరోగ్య శీర్షికల్లో తెల్లబట్టకు గౌరవవాచకంగానే మిగిలింది. అదే అధ్యాయంలో ‘అచరణ’ అనే వ్యాపత్తుకు శుభ్రం చేసుకోకపోవడాన్ని కారణంగా చెప్పారు. దురద ఉందంటే శుభ్రత లేదన్న నింద చాలా పాతది. నిజానికి సబ్బులతో, డెటాల్ వంటి ద్రవాలతో లోపలి భాగాన్ని కడగడం వల్ల లాక్టోబాసిల్లస్ దెబ్బతిని, పొర రేగి, బాధ పెరుగుతుంది.

మాట ఒక్కటే అయినప్పుడు మందూ ఒక్కటే అవుతుంది. స్రావం ఏదైనా ఒకే చోట సరిపెట్టే పద్ధతిని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కూడా పాటించింది. పరీక్షా సౌకర్యాలు లేని చోట లక్షణాలను బట్టి చికిత్స చేయడానికి రంగుల కిట్లు రూపొందించింది. యోనిస్రావానికి ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాములు కలిపి ఉంటాయి. మొదటిసారి వచ్చినప్పుడు ఇది ఉపయోగకరమైన సర్దుబాటు. నాలుగవసారి వచ్చినప్పుడూ అదే కిట్ ఇస్తే, లేదా మందుల దుకాణంలో అదే కొనుక్కుంటే, అసలు అది శిలీంధ్రమేనా అన్న ప్రశ్న ఎప్పటికీ అడగబడదు. ఈ పొరపాటు చదువులేని వారిదే అనుకోనక్కరలేదు. అమెరికాలో శిలీంధ్ర వ్యాధి అని తామే నిర్ధారించుకొని దుకాణంలో మందు కొన్న స్త్రీలను పరీక్షించగా, అందులో మూడోవంతు మందికే, అంటే 33.7 శాతానికే, అది కేవలం శిలీంధ్ర వ్యాధిగా తేలిందని ఫెర్రిస్ బృందం 2002లో ప్రకటించింది.

2. అతిథి ఎప్పుడు శత్రువవుతుంది

కాండిడా ఆల్బికాన్స్ మన శరీరానికి కొత్తది కాదు. ఆరోగ్యంగా ఉన్న స్త్రీలలో పది నుంచి ఇరవై శాతం మంది యోనిలో ఏ బాధా లేకుండానే అది ఉంటుంది. గుండ్రని ఈస్ట్ రూపంలో ఉన్నంతకాలం దాదాపు నిరపాయం. అనువైన పరిస్థితిలో అది దారాల్లాంటి పోగులుగా సాగి పైపొర కణాలలోకి చొచ్చుకుపోతుంది. స్త్రీలలో నూటికి డెబ్బై ఐదుగురు జీవితంలో ఒక్కసారైనా ఈ బాధ పడతారని అంచనా. ఏడాదిలో మూడు లేదా అంతకుమించిన సార్లు వస్తే ‘తిరగబెట్టే’ వ్యాధిగా పరిగణిస్తారు. ఇంతకుముందు నాలుగుసార్లు అనేవారు. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 13 కోట్ల 80 లక్షల మంది స్త్రీలు దీనితో బాధపడుతున్నారని డెన్నింగ్ బృందం 2018లో లెక్కగట్టింది.

ఈస్ట్రోజన్ హార్మోను ఉన్న వయసులోనే ఈ వ్యాధి ఎక్కువ. బాల్యంలోనూ ముట్లుడిగిన తరువాతా అరుదు. గర్భవతులలో పెరుగుతుంది. యాంటీబయాటిక్‌ల వాడకం మరో కారణం. ఇక్కడ ఒక తెలుగు ప్రస్తావన అప్రస్తుతం కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహిస్తున్న కాలంలోనే, ఆ సంస్థలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. అది తొలి టెట్రాసైక్లిన్. అనేక రకాల బాక్టీరియాను ఒకేసారి చంపే ఇటువంటి మందులు లాక్టోబాసిల్లస్‌నూ చంపుతాయి. ఖాళీ అయిన చోట కాండిడా పెరుగుతుంది. రెండేళ్లకే, 1950లో, ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు మహిళలు న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో పనిచేస్తూ శిలీంధ్రాలను చంపే నిస్టాటిన్‌ను కనుగొన్నారు. సుబ్బారావు పేరు మీద ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టడం వేరే కథ.

ఈ కారణాలన్నీ ఒకసారి ఎందుకు వస్తుందో చెబుతాయి. యాంటీబయాటిక్ వాడకుండా, మధుమేహం లేకుండా, గర్భవతి కాకుండా ఉన్న ఆరోగ్యవంతురాలికి మళ్లీ మళ్లీ ఎందుకు వస్తుందో చెప్పవు. ఆ ప్రశ్నకు సమాధానం ప్రోటీన్లలో వెతకవలసి వచ్చింది.

3. గుర్తుపట్టే ప్రోటీన్లు

ప్రోటీన్ అనగానే మన పాఠకుడికి పప్పు, గుడ్డు, డబ్బాలో దొరికే పొడి గుర్తుకు వస్తాయి. మన పాఠ్యపుస్తకాల ‘మాంసకృత్తులు’ కూడా ఆహారం వైపే లాక్కుపోతుంది. ఇక్కడ చెప్పే ప్రోటీన్లు తినేవి కావు. శరీరంలోని కణాలు తమ జన్యువుల సూచన ప్రకారం తయారు చేసుకునే పనిముట్లు. కొన్ని కణాల ఉపరితలం మీద నిలబడి వచ్చినవాడెవడో తడిమి చూస్తాయి. కొన్ని రక్తంలోనో స్రావంలోనో తిరుగుతూ కబురు మోస్తాయి. గుడ్లు ఎక్కువ తింటే ఇవి పెరగవు.

కాండిడా కణం గోడలో బీటా గ్లూకాన్ అనే పిండిపదార్థం ఉంటుంది. మానవ కణాల్లో అది లేదు. మన తెల్ల కణాల ఉపరితలం మీద ఉండే డెక్టిన్-1 అనే ప్రోటీన్ సరిగ్గా దానినే పట్టుకుంటుంది. నెదర్లాండ్స్‌లోని ఒక కుటుంబంలో నలుగురు స్త్రీలు తిరగబెట్టే యోని శిలీంధ్ర వ్యాధితోనో గోళ్ల శిలీంధ్ర వ్యాధితోనో బాధపడేవారు. వారి డెక్టిన్-1 జన్యువులో ఒకచోట తయారీని మధ్యలోనే ఆపివేసే మార్పు ఉన్నదని ఫెర్వెర్డా, నెటియా బృందం 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెల్లడించింది. వారి కణాలు బీటా గ్లూకాన్‌ను పట్టుకోలేకపోయాయి. ఇంటర్‌ల్యూకిన్-17 అనే వార్తావాహక ప్రోటీన్ కూడా తక్కువగా తయారైంది.

ఆ అధ్యయనంలో అసలు ఆసక్తికరమైన అంశం మరొకటి. అదే స్త్రీలలో శిలీంధ్రాన్ని మింగి చంపే న్యూట్రోఫిల్ కణాల సామర్థ్యం మామూలుగానే ఉంది. అందుకే వ్యాధి పైపొరల దగ్గరే ఆగింది, రక్తంలోకి ప్రవేశించలేదు. ఒకే మనిషిలో నిరోధక వ్యవస్థలోని ఒక భాగం లోపించి, మరొక భాగం నిక్షేపంగా ఉంది. ఆమెకు ‘నిరోధక శక్తి’ ఎంత ఉందని అడిగితే జవాబు లేదు. ప్రశ్నే తప్పు.

రెండవ ఉదాహరణ మానోజ్ అనే చక్కెరను పట్టుకునే లెక్టిన్. దీనిని కాలేయం తయారు చేస్తుంది. శిలీంధ్రం పైనున్న మానోజ్‌కు అతుక్కొని, కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల శ్రేణిని మేల్కొల్పుతుంది. ఈ లెక్టిన్ జన్యువులో 54వ సంకేతం దగ్గర వచ్చే ఒక మార్పు తిరగబెట్టే వ్యాధి ఉన్న స్త్రీలలో ఎక్కువగా కనిపించిందని, వారి యోని ద్రవంలో ఈ ప్రోటీన్ తక్కువగా ఉన్నదని లాత్వియా స్త్రీలపై 2003లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఈ మార్పులు ఉన్నవారందరికీ వ్యాధి రాదు. డెక్టిన్ మార్పు ఒక ప్రతిలో ఉండి ఏ బాధా లేని ఆరోగ్యవంతులు ఐరోపాలో చాలామందే ఉన్నారు. ఇవి మొగ్గును చూపుతాయి, తీర్పు చెప్పవు.

4. పిలుపు మితిమీరినప్పుడు

గుర్తుపట్టలేకపోవడం ఒక వైపు కథ. రెండవ వైపు కథ దీనికి దాదాపు వ్యతిరేకం. నా దృష్టిలో రోగులకు తెలియవలసినది ఇదే.

పాల్ ఫిడెల్ బృందం 2004లో ప్రచురించిన ప్రయోగంలో ఆరోగ్యవంతులైన స్త్రీలు, తమ సమ్మతితో, సజీవమైన కాండిడాను యోనిలో స్వీకరించారు. కొందరికి బాధ కలిగింది, మరికొందరికి కలగలేదు. బాధ కలిగిన వారి యోని ద్రవంలో న్యూట్రోఫిల్ కణాలు పెద్దయెత్తున కనిపించాయి. బాధ లేనివారిలో అవి రాలేదు. అంటే రక్షణ పొందినవారిలో పైకి కనిపించే యుద్ధమే జరగలేదు. దురద, మంట, వాపు శిలీంధ్రం ఒక్కటే చేసిన పని కావు. దానిని చూసి పోటెత్తిన మన కణాలు చేసిన పని కూడా.

ఈ పిలుపు ఎట్లా వెళుతుందో తరువాతి ఏళ్లలో తెలిసింది. కాండిడా పోగులుగా సాగినప్పుడు కాండిడాలైసిన్ అనే 31 అమైనో ఆమ్లాల చిన్న గొలుసును విడుదల చేస్తుంది. లండన్ కింగ్స్ కాలేజ్, జర్మనీలోని యేనా పరిశోధకులు 2016లో నేచర్ పత్రికలో దీనిని ప్రకటించారు. అది పైపొర కణాల త్వచానికి తూట్లు పొడుస్తుంది. గాయపడిన కణాలు ఎస్100ఏ8, ఎస్100ఏ9 వంటి ప్రమాద సూచక ప్రోటీన్లను వదులుతాయి. ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రోటీన్ కేంద్రంగా ఒక సముదాయం ఏర్పడి ఇంటర్‌ల్యూకిన్-1బీటాను విడుదల చేయిస్తుంది. ఈ సూచనలతో న్యూట్రోఫిల్‌లు గుంపులుగా వస్తాయి. వచ్చినవి శిలీంధ్రాన్ని చంపుతాయా అంటే, ఈ చోట సరిగా చంపలేవు. ఈస్ట్రోజన్ ప్రభావంలో ఉన్న యోని ద్రవంలోని హెపరాన్ సల్ఫేట్ అనే పదార్థం న్యూట్రోఫిల్ చేతులకు అడ్డుపడుతుందని ఎలుకలపై 2017లో జరిగిన పరిశోధన సూచించింది. చంపలేని సైన్యం ఊరిని తగలబెడుతుంది.

ఈ స్పందన ఎంత తీవ్రంగా ఉండాలో నిర్ణయించే జన్యువులలో తేడాలు తిరగబెట్టే వ్యాధి ఉన్నవారిలో కనిపించాయి. ఎన్ఎల్ఆర్‌పీ3 జన్యువులోని ఒక పునరావృత భాగం పొడవు వారిలో భిన్నంగా ఉన్నదని, ఇంటర్‌ల్యూకిన్-1బీటా హెచ్చు అయిందని అధ్యయనాలు చెప్పాయి. మొత్తం జన్యుపటాన్ని గాలించిన యేగర్ బృందం 2019లో సిగ్లెక్-15 అనే ప్రోటీన్‌కు చెందిన జన్యువును గుర్తించింది. ఎలుకల యోనిలో ఈ జన్యువును అణచివేస్తే శిలీంధ్రమూ పెరిగింది, న్యూట్రోఫిల్‌లూ పెరిగాయి. ఈ పరిశోధనల్లో పాల్గొన్నవారు ప్రధానంగా ఐరోపా సంతతి స్త్రీలు అన్నది మరచిపోకూడదు.

ఎయిడ్స్ అనుభవమూ ఇదే మాట చెబుతుంది. సీడీ4 కణాలు పడిపోయిన రోగులలో నోటి కాండిడా విపరీతంగా పెరిగింది. యోని కాండిడా ఆ నిష్పత్తిలో పెరగలేదు. నోటిని కాపాడే ఏర్పాటు వేరు, యోనిని కాపాడే ఏర్పాటు వేరు. తిరగబెట్టే యోని వ్యాధి ఉన్న చాలామంది స్త్రీలకు మిగతా ఏ అంటువ్యాధీ తరచుగా రాదు. వారి రక్తంలో కాండిడాకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలూ ఉంటాయి. ఇటువంటి స్త్రీకి ‘నీకు శక్తి తక్కువ’ అని చెప్పి బలానికి మందులు రాయడం ఆమె డబ్బు వృథా చేయడమే.

5. చక్కెర సంగతి

బోధన్ పక్కన షక్కర్‌నగర్ అంటే చక్కెర నగరం. నిజాంసాగర్ నీటితో పెరిగిన చెరకు మీద 1930ల చివరలో అక్కడ నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు ఈ ప్రాంతంలో ‘షుగర్’ అంటే ముందుగా వ్యాధే గుర్తుకు వస్తుంది. మన అంశానికి అది నేరుగా సంబంధించినది. రక్తంలో గ్లూకోజ్ పెరిగితే కాండిడాకు ఆహారం దొరుకుతుంది, న్యూట్రోఫిల్‌ల పనితీరు మందగిస్తుంది. మూత్రంలో గ్లూకోజ్‌ను బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్ తరహా మధుమేహ మాత్రలు వాడేవారిలో జననాంగ శిలీంధ్ర వ్యాధి పెరుగుతుంది. ఆ మాత్ర రాసే వైద్యుడు ఈ మాట ముందే చెప్పాలి. సిగ్గుపడి రోగి అడగదు.

మరో చిక్కు ఉంది. మధుమేహం ఉన్న స్త్రీలలో కాండిడా ఆల్బికాన్స్ కంటే కాండిడా గ్లాబ్రాటా ఎక్కువగా కనిపిస్తున్నదని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2000 నుంచి వరుస పరిశోధనలలో చూపారు. మైసూరు స్త్రీలపై 2012లో వచ్చిన అధ్యయనంలోనూ గ్లాబ్రాటాదే పెద్ద వాటా. గ్లాబ్రాటా పోగులుగా సాగదు. కాండిడాలైసిన్ దానికి లేదు. కాబట్టి పైన చెప్పిన ఆల్బికాన్స్ కథ మన ప్రాంతపు స్త్రీలందరికీ యథాతథంగా వర్తించదు. పైగా ఫ్లూకొనజోల్‌కు అది తేలికగా లొంగదు. ఎయిమ్స్‌లోనే 2007లో వచ్చిన పరిశోధనలో గ్లాబ్రాటా ఉన్న మధుమేహ రోగులకు యోనిలో ఉంచే బోరిక్ ఆమ్లం 63.6 శాతం మందికి పనిచేస్తే, ఫ్లూకొనజోల్ 28.6 శాతం మందికే పనిచేసింది. బోరిక్ ఆమ్లం నోట్లో వేసుకుంటే విషం, గర్భవతులు వాడరాదు. ఏ జాతి కాండిడానో కల్చర్ పరీక్ష చేయించకుండా ఈ మార్గం తెలియదు.

6. గర్భసంచి మీదికి వచ్చిన తెల్లబట్ట

మంజీర బీడ్ జిల్లాలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూరు, బీదరు మీదుగా మెదక్ ప్రాంతాన్ని తాకి, నిజాంసాగర్‌లో ఆగి, బోధన్ చేరువలో కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఈ ఒక్క నది పొడవునా గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలపై వివాదాలు నడిచాయి. బీడ్‌లో చెరకు కోతకు వెళ్లే 82,309 మంది స్త్రీలను 2019లో ప్రభుత్వ కమిటీ పరిశీలించగా 13,861 మందికి గర్భసంచి తీసివేసినట్లు తేలింది. మంజీర పరీవాహకంలోనే, అప్పటి మెదక్ జిల్లా మునిపల్లి మండలంలో, 2009 ప్రాంతంలో వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లపై అధ్యయనం చేశారు. తెల్లబట్ట, నడుమునొప్పి వంటి ఫిర్యాదులతో వెళ్లిన చిన్న వయసు స్త్రీలు ఆపరేషన్ బల్ల మీదికి చేరిన తీరు వారి పని వల్ల చర్చకు వచ్చింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసివేసినవారు దేశంలో 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఆపరేషన్ నాటి మధ్యస్థ వయసు దేశంలో 34 ఏళ్లు.

ఇన్ని ఆపరేషన్లకూ కారణం తెల్లబట్టే అనడం లేదు. అధిక రక్తస్రావం, గడ్డలు కారణమైనవి అనేకం. వాటిలో అవసరమైనవీ ఉంటాయి. తెల్లబట్టకు మాత్రం ఆ తర్కం ఎక్కడా పొసగదు. కాండిడా ఉండేది గర్భసంచిలో కాదు, యోనిలో. గర్భసంచి తీసిన తరువాత కూడా యోని ఉంటుంది, దాని పైపొర కణాలు ఉంటాయి, డెక్టిన్ ఉంటుంది, పిలిస్తే వచ్చే న్యూట్రోఫిల్‌లు ఉంటాయి. అండాశయాలు కూడా తీసివేస్తే ఈస్ట్రోజన్ పడిపోయి కాండిడా తగ్గవచ్చు. ముప్పై ఏళ్లకే ముట్లుడిగిన స్థితి, గుల్లబారే ఎముకలు అందుకు ధర. ‘తెల్లబట్ట ముదిరితే క్యాన్సర్’ అన్న భయం ఈ నిర్ణయాల వెనుక తరచు ఉంటుంది. కాండిడా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌గా మారదు. ఆ క్యాన్సర్‌కు కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. క్యాన్సర్ లక్షణాలలోనూ స్రావం ఉంటుంది కాబట్టి పరీక్ష చేయించుకోవాలి. పరీక్ష వేరు, కోత వేరు.

7. చికిత్స, పరిభాష

నిర్ధారణకు కావలసినవి పెద్ద యంత్రాలు కావు. ఆమ్లత చూసే కాగితం, సూక్ష్మదర్శిని, పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క. కాండిడాలో ఆమ్లత సాధారణంగా 4.5 లోపే ఉంటుంది; బాక్టీరియా, ట్రైకోమోనాస్ వల్ల వచ్చే స్థితుల్లో అంతకుమించుతుంది. ఆల్బికాన్స్ తిరగబెడుతున్నదని తేలితే, మూడు రోజులకొకటి చొప్పున మూడు ఫ్లూకొనజోల్ మాత్రలు, తరువాత వారానికొకటి చొప్పున ఆరు నెలలు అన్నది స్థిరపడిన పద్ధతి. గర్భవతులకు ఇది పనికిరాదు. సోబెల్ బృందం 2004లో 387 మంది స్త్రీలపై దీనిని పరీక్షించింది. ఆరు నెలల చివర మందు వాడినవారిలో 90.8 శాతం మందికి వ్యాధి తిరగబెట్టలేదు. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో ఆ సంఖ్య 35.9 శాతం. మందు ఆపిన ఆరు నెలలకు 90.8 కాస్తా 42.9కి దిగింది. ఈ చివరి అంకె ముఖ్యమైనది. మందు శిలీంధ్రాన్ని అణచింది. స్పందించే ప్రోటీన్ల తీరును మార్చలేదు.

ఆ తీరును మార్చే ప్రయత్నాలలో టీకా ఒకటి. కాండిడా పైనున్న ఏఎల్ఎస్3 ప్రోటీన్‌తో చేసిన ఎన్‌డీవీ-3ఏ టీకాను ఎడ్వర్డ్స్ బృందం 2018లో నివేదించింది. నలభై ఏళ్లలోపు స్త్రీలలో టీకా పొందినవారిలో 42 శాతం, పొందనివారిలో 22 శాతం ఏడాదిపాటు బాధ లేకుండా ఉన్నారు.

ఈ విషయాలను తెలుగులో బోధించేటప్పుడు ‘నిరోధక శక్తి’ స్థానంలో ‘నిరోధక వ్యవస్థ’, ‘నిరోధక స్పందన’ అనే పదాలను వాడవచ్చు. శక్తి అనగానే అది కొలతకు లొంగే పదార్థంగా, తగ్గితే నింపుకోవలసినదిగా తోస్తుంది. స్పందన అంటే తగ్గవచ్చు, మించవచ్చు, దారి తప్పవచ్చు. మూడింటినీ ఆ మాట మోస్తుంది. ‘మీ స్పందన తేడాగా ఉంది’ అని విన్న స్త్రీ తనను తాను బలహీనురాలిగానో శుభ్రత లేనిదానిగానో అనుకోవలసిన పని లేదు. ప్రోటీన్ల పేర్లను అనువదించకుండా డెక్టిన్, సిగ్లెక్ అనే ఉంచడం మేలు. అవి ప్రపంచమంతటా అవే పేర్లు. ‘తెల్లబట్ట’ను తొలగించమనడం సాధ్యమూ కాదు, మంచిదీ కాదు. ఆ మాట లేకపోతే చాలామంది నోరే విప్పరు. దాని తరువాత వైద్యుడో ఆశా కార్యకర్తో అడగవలసినవి మూడు ప్రశ్నలు: దురద ఉందా, వాసన ఉందా, ఈ ఏడాది ఇది ఎన్నోసారి.